చిప్ నిద్రపోయింది, పిన్నులు మేలుకునే ఉన్నాయి

1985 ఏప్రిల్ 26న ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో, ఏకార్న్ కంప్యూటర్స్ కార్యాలయానికి ఒక కొత్త చిప్ చేరింది. సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ రూపొందించిన మొట్టమొదటి ఆర్మ్ ప్రాసెసర్ అది. బోర్డులో పెట్టి స్విచ్ వేస్తే మొదటి ప్రయత్నంలోనే పనిచేసింది. తరువాత, అది ఎంత కరెంటు తీసుకుంటున్నదో చూద్దామని సరఫరా తీగకు మీటరు పెడితే సున్నా చూపించింది. వెతకగా తేలింది ఏమిటంటే, బోర్డులోని లోపం వల్ల చిప్‌కు అసలు సరఫరాయే అందడం లేదు. ప్రోగ్రాము మాత్రం నడుస్తూనే ఉంది. చుట్టుపక్కల చిప్‌లు సంకేతాలుగా పంపుతున్న వోల్టేజి పిన్నుల గుండా లోపలికి కారుతుంటే, ఆ కాస్త కరెంటుతోనే ప్రాసెసర్ బతుకు వెళ్ళదీస్తోంది.

ఆర్మ్ చిప్‌లు ఎంత పొదుపరులో చెప్పడానికి ఈ సంగతిని తలుచుకోవడం ఆనవాయితీ. నాకు మాత్రం ఇది పిన్నుల కథ. పిన్ను అంటే సంకేతం వచ్చిపోయే దారి అని చదువుకుంటాం. సర్క్యూట్ గీసేటప్పుడు సరఫరా తీగల్ని ఒక పక్కన, సంకేతాల తీగల్ని ఇంకో పక్కన గీస్తాం. కరెంటుకు ఆ భేదం తెలియదు. వోల్టేజిలో తేడా ఉండి, దారి దొరికితే చాలు, అటు పోతుంది. 28 పిన్నులున్న చిప్‌కు కరెంటు రావడానికీ పోవడానికీ 28 దారులున్నట్టే.

ఆర్డుయినో ఊనో బోర్డు పుణ్యమా అని చాలామందికి పరిచయమైన ఏటిమెగా328పి చిప్‌నే తీసుకుందాం. చిన్న పరికరాలను నడిపే మైక్రోకంట్రోలర్ అది. గాఢనిద్రలో, 1.8 వోల్టుల దగ్గర, 0.1 మైక్రో యాంపియర్ మాత్రమే తీసుకుంటానని దాని డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) మొదటి పేజీలోనే చెప్పుకుంటుంది. 220 మిల్లీ యాంపియర్ అవర్ల సీఆర్2032 బటన్ సెల్‌ను ఈ అంకెతో భాగిస్తే 250 ఏళ్ళు వస్తాయి! అన్నేళ్ళు సెల్ ఎలాగూ ఉండదు, దానంతటదే ఎండిపోతుంది. అయినా ఆ అంకె పిన్నులన్నీ బుద్ధిగా ఉన్నప్పటి మాట. 3 వోల్టుల బ్యాటరీకి 10 కిలో ఓముల రెసిస్టర్‌తో కట్టిన ఒక్క పిన్ను సున్నా దగ్గర ఉండిపోతే 300 మైక్రో యాంపియర్లు పోతాయి. నిద్రపోతున్న చిప్ మొత్తం తీసుకునే దానికి 3,000 రెట్లు, ఒక్క పిన్ను దగ్గర.

పిన్ను వెనక ఏముంది

అవుట్‌పుట్ వైపు రెండు ట్రాన్సిస్టర్లు ఉంటాయి. పైది పిన్నును సరఫరాకు కలుపుతుంది, కిందది గ్రౌండ్‌కు కలుపుతుంది. కాలువకు ఎగువ తూము, దిగువ తూము, నడుమ ఒక మడుగు అనుకోండి. ఎగువ తూము తెరిస్తే మడుగు నిండుతుంది, పిన్ను 1. దిగువ తూము తెరిస్తే ఖాళీ అవుతుంది, పిన్ను 0. రెండూ మూస్తే మడుగు ఎవరి అధీనంలోనూ ఉండదు. రెండూ ఒకేసారి తెరిస్తే నీళ్ళు ఏ పొలానికీ అందకుండా నేరుగా కిందికి పోతాయి. ఫెయిర్‌చైల్డ్ సంస్థలో ఫ్రాంక్ వాన్‌లాస్ 1963లో ప్రతిపాదించిన సీమాస్ పద్ధతి ప్రాణమంతా ఇందులోనే ఉంది: రెండింటిలో ఎప్పుడూ ఒకటి మూసే ఉండాలి. అలా ఉన్నంతసేపు, స్థితి మారనంతసేపు, కరెంటు దాదాపు పారదు.

ఇన్‌పుట్ వైపు, పిన్ను మీది వోల్టేజిని 0 గానో 1 గానో చదివే బఫర్ కూడా ఇలాంటి జతే. కాకపోతే అక్కడి తూములను తెరిచేదీ మూసేదీ ప్రోగ్రాము కాదు, పిన్ను మీదికి బయటి నుంచి వచ్చే వోల్టేజి. అది పూర్తిగా సున్నా దగ్గరో, పూర్తిగా సరఫరా దగ్గరో ఉంటే ఒక తూము గట్టిగా మూసుకుంటుంది. నడిమధ్యన ఉంటే రెండూ సగం సగం తెరుచుకుంటాయి. చిప్ నిద్రపోతున్నా సరే, అక్కడ కరెంటు పారుతూనే ఉంటుంది.

ఇవి కాక ప్రతి పిన్నుకూ రెండు రక్షణ డయోడ్లుంటాయి: ఒకటి పిన్ను నుంచి సరఫరా వైపు, ఇంకొకటి గ్రౌండ్ నుంచి పిన్ను వైపు. చేతి నుంచి పడే స్థిర విద్యుత్తుకు చిప్ బలికాకుండా కాసేవి ఇవే. 1985లో ఆర్మ్ చిప్‌కు తిండి పెట్టిందీ ఇలాంటి దారే. చివరగా, పిన్నును సరఫరా వైపు లాగి పట్టే, ప్రోగ్రాముతో కలుపుకోగల పుల్-అప్ రెసిస్టర్ ఒకటి. ఏటిమెగాలో అది 20 నుంచి 50 కిలో ఓముల మధ్య ఎంతైనా ఉండవచ్చు. ఒకే ట్రేలోని రెండు చిప్‌లలో కూడా ఒకేలా ఉంటుందని నమ్మకం లేదు.

గాలిలో వేలాడే పిన్ను

దేనికీ కలపని పిన్ను సున్నా దగ్గర ఉంటుందనుకోవడం కొత్తవాళ్ళందరూ చేసే పొరపాటు. అది ఎక్కడా ఉండదు. ఇంటి గోడల్లోని తీగల నుంచి 50 హెర్ట్జ్‌ల గుసగుసను పట్టుకుని అటూ ఇటూ ఊగుతుంది. వేలు దగ్గరికి తెస్తే ఒకలా, తీస్తే ఒకలా. ఊగుతూ నడిమధ్యకు వచ్చిన ప్రతిసారీ బఫర్ లోపలి రెండు తూములూ తెరుచుకుంటాయి. పిన్నును ఇలా వదిలేసినా, దాని మీద సరఫరాలో సగం దగ్గర తచ్చాడే అనలాగ్ వోల్టేజి ఉన్నా బఫర్ మితిమీరిన కరెంటు తీసుకుంటుందని ఏటిమెగా డేటాషీట్‌లోనే రాసి ఉంటుంది.

ఆ చిప్ రూపకర్తలు దీనికి ఒక ఉపాయం చేశారు. నిద్రలోకి వెళ్ళగానే ఇన్‌పుట్ బఫర్లను పిన్నుల నుంచి విడదీసి గ్రౌండ్‌కు అదిమిపెడతారు. మినహాయింపు ఒక్కటే: చిప్‌ను నిద్రలేపే బాధ్యత అప్పగించిన పిన్నులు. అవి వింటూనే ఉండాలి కాబట్టి వాటిని అదిమిపెట్టడం కుదరదు. అంటే గాలిలో వదలకూడని పిన్నులు ఖచ్చితంగా అవే. బయటి మీట తీగ ఊడిపోతే ఆ పిన్ను అయినదానికీ కానిదానికీ చిప్‌ను లేపి కూర్చోబెడుతుంది; పైగా తన బఫర్ ఖర్చు తనకు ఉండనే ఉంటుంది.

మేలుకుని ఉన్నప్పుడు అనలాగ్ పిన్నుల సంగతి వేరుగా చూడాలి. వెలుతురును బట్టి మారే రెసిస్టర్, నేలలో తేమ కొలిచే కడ్డీ వంటివి సహజంగానే నడిమి వోల్టేజిలు ఇస్తాయి. ఆ పిన్నులకు డిజిటల్ బఫర్‌ను శాశ్వతంగా ఆపేసే రిజిస్టర్ (ప్రోగ్రాము రాసే అమరికల గడి) ఏటిమెగాలో ఉంది, పేరు డీఐడీఆర్0. దాన్ని వాడిన ప్రోగ్రాములు నాకు బహు అరుదుగా కనిపించాయి. ఎస్‌టీఎం32 అనే ఇంకో మైక్రోకంట్రోలర్ కుటుంబంలో ఇదే పనికి పిన్నును అనలాగ్ మోడ్‌లో పెడతారు. పొదుపు కోసమే పుట్టిన ఎల్4 వరుసలో రీసెట్ కాగానే చాలా పిన్నులు ఆ మోడ్‌లోనే లేస్తాయి. పాత ఎఫ్1 వరుసలో మాత్రం గాలిలో వేలాడుతూ లేస్తాయి. అన్నట్టు, ఉత్సాహం కొద్దీ అన్ని పిన్నులనూ ఒక్క దెబ్బతో అనలాగ్‌లో పెట్టేస్తే డీబగ్గర్ (ప్రోగ్రాము ఎక్కించి తప్పులు వెతికే పరికరం) మాట్లాడే రెండు పిన్నులూ అందులో కొట్టుకుపోతాయి. తరువాత రీసెట్ మీట నొక్కి పట్టుకుని బతిమాలుకోవాలి.

వాడని పిన్నులను ఏం చేయాలి? లోపలి పుల్-అప్ కలిపి వదిలేయండి, లేదా అవుట్‌పుట్‌గా మార్చి సున్నా దగ్గర ఉంచండి. నేరుగా గ్రౌండ్‌కో సరఫరాకో సోల్డర్ చేయకండి; ప్రోగ్రాములో ఒక్క తప్పు పడి ఆ పిన్ను ఎదురు స్థితిలో అవుట్‌పుట్ అయితే షార్ట్ సర్క్యూటే.

ట్యాంకు నిండుగా ఉంటే బ్యాటరీ ఖాళీ

మా ఇంటి మీద నీళ్ళ ట్యాంకు ఉంది. అందులో తేలే స్విచ్ ఒకటి వేలాడదీసి, పన్నెండు మీటర్ల తీగతో మెట్ల కింద ఒక చిన్న పెట్టెకు కలిపాను. నీళ్ళు అడుగంటితే పెట్టె మీద ఎర్ర దీపం 8 సెకన్లకోసారి మినుకుమంటుంది. లోపల ఏటిమెగా328పి, ఒక సీఆర్2032 సెల్. చిప్ 8 సెకన్లు నిద్రపోయి, వాచ్‌డాగ్ గడియారం లేపితే లేచి, స్విచ్ చూసి, మళ్ళీ పడుకుంటుంది. వాచ్‌డాగ్‌తో కలిపి నిద్రలో సుమారు 5 మైక్రో యాంపియర్లు. ఆ లెక్కన సెల్ అయిదేళ్ళు రావాలి. ఇంట్లో అలాగే గొప్పలు చెప్పుకున్నాను. నెల తిరగకుండానే దీపం ఆగిపోయింది.

కొత్త సెల్ వేసి మీటరు పెట్టాను. నిద్రలో 305 మైక్రో యాంపియర్లు. నాకు పనికొచ్చిన చిట్కా ఒకటి ఇక్కడ చెబుతాను. చిప్‌కు న్యాయంగా రావలసిన 5 తీసేస్తే మిగులు 300. సరఫరా వోల్టేజిని ఆ మిగులుతో భాగించండి: 3 వోల్టులను 300 మైక్రో యాంపియర్లతో భాగిస్తే 10 కిలో ఓములు. ఇక బోర్డు మీద 10 కిలో ఓముల రెసిస్టర్ ఎక్కడుందో వెతకడమే. ఉన్నది ఒక్కటే. తేలే స్విచ్ తీగకు, పొడుగ్గా ఉందని, లోపలి పుల్-అప్ చాలదేమోనని నేనే బయట కట్టిన పుల్-అప్.

దొంగ దొరికాడు కానీ అసలు తమాషా స్విచ్‌లో ఉంది. నీళ్ళు ఉన్నప్పుడు మూసుకుని, అడుగంటితే తెరుచుకునే రకం అది. ట్యాంకులో నీళ్ళున్నంతసేపూ పిన్ను గ్రౌండ్‌కు కలిసి ఉంటుంది, పుల్-అప్ గుండా కరెంటు పారుతూనే ఉంటుంది. మా ఇంట్లో ట్యాంకు అడుగంటేది ఎప్పుడో గానీ కాదు. ఇల్లు ఎంత జాగ్రత్తగా ఉంటే సెల్ అంత తొందరగా చచ్చిపోతుందన్నమాట!

స్విచ్‌ను తిరగేసి, నీళ్ళున్నప్పుడు తెరిచి ఉండేలా కట్టవచ్చు. తీగ తెగినా అంతా బాగుందనే చూపిస్తుంది కాబట్టి ఆ దారి నాకు నచ్చలేదు. రెసిస్టర్ విలువను 1 మెగా ఓముకు పెంచితే ఖర్చు 3 మైక్రో యాంపియర్లకు దిగుతుంది, కానీ పన్నెండు మీటర్ల తీగ ఆ బలహీనమైన పుల్-అప్‌ను లెక్కచేయకుండా ఇంటి కరెంటు గుసగుసలన్నీ మోసుకొస్తుంది. చివరికి చేసింది ఇది: 10 కిలో ఓముల రెసిస్టర్ పై కాలును సరఫరా నుంచి విడదీసి, చిప్‌లోనే ఖాళీగా ఉన్న ఇంకో పిన్నుకు సోల్డర్ చేశాను. చిప్ లేచినప్పుడు ఆ పిన్నును 1 చేస్తుంది. రెసిస్టర్‌కు ప్రాణం వస్తుంది. స్విచ్ చదివి మళ్ళీ 0 చేస్తుంది. నిద్రలో రెసిస్టర్ రెండు కొసలూ సున్నా దగ్గరే, పారడానికి కరెంటుకు కారణమే లేదు. స్విచ్ తెరిచి ఉన్నా చదివే పిన్ను గాలిలో వేలాడదు, అదే రెసిస్టర్ దాన్ని సున్నా దగ్గర పట్టుకుంటుంది.

ఇందులోనూ ఒకసారి దెబ్బతిన్నాను. రెసిస్టర్‌కు ప్రాణం పోసిన 5 మైక్రోసెకన్లకే పిన్ను చదివేలా మొదట రాశాను. రెండు వారాల తరువాత ఒక ఉదయం కుళాయిలో నీళ్ళు లేవు, దీపమూ వెలగలేదు. తీగ పొడవునా కలిపి 1 నానోఫారాడ్ దాకా కెపాసిటెన్స్ ఉంటుంది. 10 కిలో ఓములతో కలిస్తే దాని కాలప్రమాణం, అంటే తీగ ఎంత నిదానంగా నిండుతుందో చెప్పే కొలత, 10 మైక్రోసెకన్లు. 5 మైక్రోసెకన్లకు తీగ 1.2 వోల్టుల దాకానే ఎక్కుతుంది. ఏటిమెగా దాన్ని 1 అని ఒప్పుకోవాలంటే సరఫరాలో 60 శాతం, అంటే 1.8 వోల్టులు కావాలి. స్విచ్ తెరుచుకున్నా చిప్‌కు మూసినట్టే కనిపించింది. 100 మైక్రోసెకన్లు ఆగేలా మార్చాను. 8 సెకన్లకోసారి 100 మైక్రోసెకన్లపాటు 300 మైక్రో యాంపియర్లంటే సగటున దాదాపు 4 నానో యాంపియర్లు. లెక్కలోకి రాదు.

మోయగలిగినంతే

ఇక అవుట్‌పుట్ సంగతి. ఏటిమెగా పిన్ను 40 మిల్లీ యాంపియర్లు ఇస్తుందని చాలాచోట్ల చదువుతాం. అది గరిష్ఠ పరిమితి, అంతకు మించితే చిప్ పాడు కావచ్చని హెచ్చరిక. రోజూ వాడుకోమని ఆహ్వానం కాదు. అదే డేటాషీట్ హామీ ఇచ్చే అంకెలు 20 మిల్లీ యాంపియర్ల దగ్గరివి. ఇంకో పరిమితి మరింత కిందన దాక్కుని ఉంటుంది: సరఫరా, గ్రౌండ్ పిన్నుల గుండా మొత్తం 200 మిల్లీ యాంపియర్లు దాటకూడదు. పదిహేను ఎల్ఈడీలను ఒక్కోటి 15 మిల్లీ యాంపియర్లతో వెలిగిస్తే ఏ పిన్నూ విడిగా తప్పు చేయదు, మొత్తం మాత్రం 225 అవుతుంది. నేటి ఎర్ర ఎల్ఈడీకి 1 మిల్లీ యాంపియర్ ఇచ్చినా గదిలో స్పష్టంగా కనిపిస్తుంది. అలవాటుగా 220 ఓములు పెట్టేచోట 1 లేదా 2 కిలో ఓములు పెట్టి చూడండి.

రాస్ప్‌బెర్రీ పై సంస్థ ఆర్‌పీ2040 చిప్‌లో ప్రతి పిన్ను బలాన్నీ 2, 4, 8, 12 మిల్లీ యాంపియర్లుగా ఎంచుకోవచ్చు. 4 అని పెడితే పిన్ను 4 దగ్గర ఆగిపోతుందని చాలామంది భ్రమ. అది కట్టడి కాదు. అంత బరువు మోస్తూ కూడా వోల్టేజి హద్దుల్లో నిలుపుకుంటానన్న మాట మాత్రమే. రెసిస్టర్ లేకుండా ఎల్ఈడీ తగిలిస్తే అంతకంటే ఎక్కువే పోతుంది. ఈ చిప్ పిన్నులన్నీ కలిపి బయటికి ఇవ్వగలిగింది 50 మిల్లీ యాంపియర్లే. 12 చొప్పున అయిదు పిన్నులు వాడితే హద్దు దాటినట్టే.

పిన్నులన్నీ సమానం కావనడానికి మంచి ఉదాహరణ ఎస్‌టీఎం32ఎఫ్103. దాని మామూలు పిన్నులు 8 మిల్లీ యాంపియర్లు హాయిగా మోస్తాయి. పీసీ13, 14, 15 అనే మూడింటికి మాత్రం బ్యాకప్ విభాగంతో కలిసి పంచుకునే ఒక చిన్న స్విచ్ గుండా సరఫరా అందుతుంది. అందుకే అవి 3 మిల్లీ యాంపియర్లు మించి పీల్చుకోకూడదు, ఎల్ఈడీ వెలిగించడానికి కరెంటు బయటికి అసలే ఇవ్వకూడదు. బ్లూ పిల్ అని పిలిచే చవక బోర్డులో ఎల్ఈడీ పీసీ13కే ఉంటుంది, 0 రాస్తే వెలుగుతుంది, 1 రాస్తే ఆరిపోతుంది. ఈ తలకిందుల వ్యవహారం ఏమిటని విసుక్కునేవారికి జవాబు ఇదే: ఆ పిన్ను కరెంటును లోపలికి తీసుకోగలదు, బయటికి ఇవ్వలేదు.

రిలే (అయస్కాంతంతో పనిచేసే స్విచ్) కాయిల్‌కు ఏ పిన్నూ చాలదు. 5 వోల్టుల మామూలు రిలే 70 మిల్లీ యాంపియర్ల దాకా అడుగుతుంది. మధ్యలో ట్రాన్సిస్టర్, కాయిల్‌కు అడ్డంగా డయోడ్ తప్పనిసరి. ఇక్కడ నిద్రకు సంబంధించిన ఒక మెలిక ఉంది. ఈఎస్‌పీ32 అనే మైక్రోకంట్రోలర్ గాఢనిద్రలోకి వెళితే, ప్రత్యేకంగా పట్టి ఉంచమని చెప్పకపోతే, దాని మామూలు పిన్నులు చేయి వదిలేస్తాయి. ఆ పిన్ను నడిపే మాస్‌ఫెట్ (వోల్టేజితో తెరిచి మూసే ట్రాన్సిస్టర్) గేటు గాలిలో ఉండిపోతుంది. మాస్‌ఫెట్ అటు పూర్తిగా మూసుకోక, ఇటు పూర్తిగా తెరుచుకోక, వెచ్చగా అవుతుంది. గేటు నుంచి గ్రౌండ్‌కు 100 కిలో ఓముల రెసిస్టర్ ఒకటి కట్టండి. గేటు సున్నా దగ్గర ఉన్నంతసేపూ దానికయ్యే ఖర్చు సున్నా.

వేగానికి ఎంత

పిన్ను స్థితి మారిన ప్రతిసారీ దానికి తగిలి ఉన్న కెపాసిటెన్స్ నింపాలి, మళ్ళీ ఖాళీ చేయాలి. ఖర్చు కెపాసిటెన్స్‌ను బట్టి, మార్పుల వేగాన్ని బట్టి పెరుగుతుంది. వోల్టేజిని బట్టి మాత్రం వర్గంగా పెరుగుతుంది. 50 పికోఫారాడ్ల తీగను 3.3 వోల్టుల దగ్గర సెకనుకు పది లక్షల సార్లు ఊపితే 165 మైక్రో యాంపియర్లు. పిన్నుల సరఫరాను 1.8కి దించితే శక్తి ఖర్చు మూడో వంతు కంటే తగ్గుతుంది. చాలా కొత్త చిప్‌లలో లోపలి గుండెకాయకు ఒక సరఫరా, పిన్నులకు వేరే సరఫరా ఉంటాయి. ఆర్‌పీ2040 లోపల 1.1 వోల్టులతో నడుస్తుంది, దాని పిన్నులు 1.8 నుంచి 3.3 దాకా మీ ఇష్టం.

పిన్ను స్థితి ఎన్నిసార్లు మారుతుందన్నది ఒక సంగతి, మారేటప్పుడు ఎంత నిట్టనిలువుగా మారుతుందన్నది ఇంకో సంగతి. ఎనిమిది పిన్నులు ఒకేసారి 2 నానోసెకన్లలో తలా 20 మిల్లీ యాంపియర్లు గుంజాయనుకోండి. గ్రౌండ్ కాలులో ఉండే 5 నానోహెన్రీల పిసరంత ఇండక్టెన్స్ మీద 0.4 వోల్టులు లేస్తాయి. చిప్ లోపలి గ్రౌండ్ ఆ క్షణం సున్నా కాదు. పక్కన మౌనంగా కూర్చున్న పిన్ను మీద కూడా ఒక పొంగు కనిపిస్తుంది, దాన్ని అవతలి చిప్ గడియారపు అడుగుగా లెక్కేసుకోవచ్చు. పిన్ను వేగాన్ని ఎంచుకునే రిజిస్టర్ ఎస్‌టీఎం32ఎఫ్103లో ఉంది: 2, 10, 50 మెగాహెర్ట్జ్. నిమిషానికోసారి మారే రిలే పిన్నుకు 50 ఎందుకు? ఉదాహరణ ప్రోగ్రాముల్లో అలా ఉంది కాబట్టి అందరూ అలాగే రాస్తారు. సరఫరా పిన్ను పక్కనే 100 నానోఫారాడ్ల కెపాసిటర్ పెట్టమని పెద్దలు చెప్పేది ఈ హఠాత్తు దాహం తీర్చడానికే. బోర్డు అవతలి మూలన పెడితే పెట్టనట్టే.

ఆపేసిన సెన్సర్ ఆగదు

ఆర్మ్ కథ నేడు ఎక్కువగా పునరావృతమయ్యేది ఇక్కడే. సెన్సర్ నిద్రలో కరెంటు తింటోందని దాని సరఫరాను మాస్‌ఫెట్‌తో కోస్తాం. మీటరు చూస్తే ఖర్చు తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. మైక్రోకంట్రోలర్ పిన్ను 1 దగ్గర ఉండిపోయింది. ఆ వోల్టేజి సెన్సర్ పిన్నులోకి, అక్కడి రక్షణ డయోడ్ గుండా సెన్సర్ సరఫరాలోకి చేరుతోంది. 3.3 వోల్టుల సర్క్యూట్లో సెన్సర్‌కు దొడ్డిదారిన 2.6 వోల్టులు అందుతున్నాయి. అది చావదు, బతకదు. ఈ సగం ప్రాణంతో ఉన్న సెన్సర్‌కు మళ్ళీ సరఫరా ఇస్తే, అసలు ఎప్పుడూ పూర్తిగా ఆగలేదు కాబట్టి సరిగా రీసెట్ కాక మొండికేస్తుంది. వారానికోసారి మాత్రమే కనిపించి మనుషుల్ని ఏడిపించే లోపాలు ఇలా పుట్టినవే.

సెన్సర్లు మాట్లాడే ఐ2సీ తీగల విషయంలో మన పిన్నుల తప్పు లేకపోయినా ఇదే జరుగుతుంది. ఆ రెండు తీగలకూ ఉండే 4.7 కిలో ఓముల పుల్-అప్‌లు ఎప్పుడూ ఉండే సరఫరాకు కట్టి ఉంటే, ఒక్కోదాని గుండా అర మిల్లీ యాంపియర్ దాకా పడుకున్న సెన్సర్‌లోకి కారవచ్చు. పుల్-అప్‌లను కూడా కోసే సరఫరా వైపుకే మార్చాలి. వరుస కూడా ముఖ్యం. కోసేటప్పుడు ముందు పిన్నులను సున్నా చేయాలి లేదా చేయి వదిలేయాలి, ఆ తరువాతే సరఫరా కోయాలి. ఇచ్చేటప్పుడు ముందు సరఫరా, తరువాత పిన్నులు. సరఫరా బదులు గ్రౌండ్ వైపు కోయడం ఇంకా చెడ్డది. సెన్సర్ మొత్తం పైకి తేలి, సంకేతాల పిన్నులనే గ్రౌండ్‌గా వాడుకుంటుంది. అసలు కోయాల్సిన అవసరం ఉందా అన్నది ముందు చూసుకోండి. బాష్ సంస్థ బీఎంఈ280 సెన్సర్ నిద్రలో 0.1 మైక్రో యాంపియర్ తీసుకుంటుంది. దానికి మాస్‌ఫెట్ పెట్టడమంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

డయోడ్ గుండా పోయేది కాస్తంత కరెంటైతే బ్యాటరీకే నష్టం. 5 వోల్టుల పరికరాన్ని 3.3 వోల్టుల పిన్నుకు నేరుగా తగిలిస్తే చిప్‌కే ప్రాణగండం. సిలికాన్ పొరల్లో ఎవరూ కోరకుండా ఏర్పడి ఉండే థైరిస్టర్ అనే ఒక స్విచ్ మేలుకోవచ్చు. మేలుకుంటే సరఫరా నుంచి గ్రౌండ్‌కు దారి తెరుచుకుంటుంది. సరఫరా పూర్తిగా తీసేసేదాకా మూసుకోదు. చిప్ వేలు కాలేంత వేడెక్కాక గానీ చాలామంది గమనించరు.

లోపలా బయటా రెండు రెసిస్టర్లు కొట్లాడుకునే సందర్భమూ ఉంది. ఈఎస్‌పీ32-రోవర్ మాడ్యూల్‌లో 12వ పిన్నును బయటి రెసిస్టర్ పైకి లాగుతుంది, చిప్ లోపలి పుల్-డౌన్ కిందికి లాగుతుంది. గాఢనిద్రలో కూడా ఈ లాగులాట ఆగదు. నిద్రకు ముందు ఆ పిన్నును ఏకాకిని చేసే ఫంక్షన్‌ను పిలవమని తయారీదారు సూచనల్లోనే ఉంది. ఆ ఒక్క వరుస రాయక, బోర్డు తప్పేమోనని కెపాసిటర్లు మార్చుకుంటూ కూర్చున్నవాళ్ళు నాకు తెలుసు.

పుల్-డౌన్ అంటే గుర్తొచ్చింది. 2024 ఆగస్టులో రాస్ప్‌బెర్రీ పై పికో 2 బోర్డుతో వచ్చిన ఆర్‌పీ2350 చిప్‌లో ఒక వింత బయటపడింది. పుల్-డౌన్ కలిపిన ఇన్‌పుట్ పిన్నును ఒకసారి పైకి ఎత్తి వదిలేస్తే సున్నాకు దిగిరాదు, 2.2 వోల్టుల దగ్గర వేలాడుతుంది. పిన్ను లోపలి నుంచి 120 మైక్రో యాంపియర్ల దాకా కారుతోంది, లోపలి బలహీనమైన పుల్-డౌన్ దాన్ని దించలేకపోతోంది. అధికారిక లోపాల పట్టికలో దీనికి ఈ9 అని పేరు. విరుగుడు రెండు రకాలు: బయట 8.2 కిలో ఓములు లేదా అంతకంటే తక్కువ విలువ రెసిస్టర్ కట్టడం, లేదా చదివే క్షణంలో మాత్రమే ఇన్‌పుట్ బఫర్‌ను తెరవడం. 2025లో వచ్చిన ఏ4 రూపంలో సరిచేశారు. పాత బోర్డులు చేతిలో ఉన్నవాళ్ళు మాత్రం ఆ జాగ్రత్త తీసుకోక తప్పదు.

మీటరు పెట్టేటప్పుడు

మామూలు మల్టీమీటర్‌ను మైక్రో యాంపియర్ల గీత మీద పెడితే చిప్ చాలాసార్లు లేవనే లేవదు. మీటరు లోపల కొలవడానికి పెట్టిన రెసిస్టర్ వందో ఎంతో ఓములు ఉంటుంది. చిప్ లేచేటప్పుడు అడిగే కొన్ని మిల్లీ యాంపియర్లకే దాని మీద వోల్టేజి పడిపోయి చిప్ రీసెట్ అవుతుంది, లేస్తుంది, మళ్ళీ పడుతుంది. అందుకని మీటరు రెండు తీగలనూ ఒక ముక్క తీగతో కలిపి ఉంచి, చిప్ లేచి పని ముగించుకుని నిద్రలోకి వెళ్ళాక ఆ ముక్క తీయండి. అప్పుడు కనిపించేదే నిద్ర ఖర్చు. మళ్ళీ లేచేలోపు ముక్కను తిరిగి పెట్టేయాలి; మా పెట్టె విషయంలో నాకు దొరికే వ్యవధి 8 సెకన్లు.

అంకె ఎక్కువగా ఉంటే పైన చెప్పిన భాగహారం చేయండి. బోర్డు మీద ఉన్న ఏదో ఒక రెసిస్టర్ విలువ వస్తే సగం పని అయినట్టే. ఏ విలువకూ సరిపోకుండా, వేలు దగ్గరికి తెస్తే మారిపోతుంటే గాలిలో వేలాడే పిన్ను. సెన్సర్ తీగ పీకితే తగ్గితే దొడ్డిదారి.

మెట్ల కింద పెట్టెలో ఇప్పుడు ట్యాంకు నిండా నీళ్ళున్నప్పుడు 5 మైక్రో యాంపియర్లు. రెండో సెల్ వేసి పదిహేను నెలలైంది. మొన్న తీసి చూస్తే 2.98 వోల్టులుంది.